మనిషి కనిపించని రంగస్థలం: హైనర్ గోబెల్స్ సంగీత నాటకాలు ఎవరైనా చూశారా?

వానచినుకు · ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. దీన్ని నాటకాల విభాగంలో పెట్టాలో సంగీతంలో పెట్టాలో తేలక ఇక్కడ పెడుతున్నాను. నిర్వాహకులు ఎటు జరిపినా నాకు సమ్మతమే.

మొన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'ష్టిఫ్టర్స్ డింగె' వీడియో మొత్తం చూశాను. జర్మన్ స్వరకర్త హైనర్ గోబెల్స్ చేసింది. 2007లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో, వీడీ థియేటర్‌లో మొదటిసారి వేశారు. గంటకు పైగా సాగే ప్రదర్శన. ఒక్క నటుడు లేడు. పాడేవాళ్ళు లేరు, వాయించేవాళ్ళు లేరు. ఉన్నవి ఐదు పియానోలు. వాటికి కూడా మూతలు తీసేశారు, తంత్రులు పేగుల్లా బయటికి కనిపిస్తుంటాయి. వాటి మధ్య ఆకుల్లేని చెట్ల కొమ్మలు, ఇనప రేకులు, గొట్టాలు.

మొదట్లో ఇద్దరు పనివాళ్ళు వచ్చి, నేల మీదున్న మూడు వెడల్పాటి తొట్లలో తెల్లటి పొడి జల్లిస్తారు. మా అమ్మమ్మ బియ్యప్పిండి జల్లిస్తుంటే వచ్చే చప్పుడే అది, అచ్చంగా. తర్వాత నీళ్ళు వదిలి వాళ్ళు తప్పుకుంటారు. అక్కణ్ణుంచి వాన పడుతుంది, పొగ లేస్తుంది, వెలుగు కదులుతుంది, పియానోలు తమంతట తామే మోగుతాయి.

ఒకచోట పంతొమ్మిదో శతాబ్దపు ఆస్ట్రియా రచయిత ఆడల్బర్ట్ ష్టిఫ్టర్ రాసిన భాగం చదివే గొంతు వినిపిస్తుంది. మంచు పేరుకుపోయిన అడవి గుండా ఇద్దరు బండి మీద వెళ్తుంటారు. ఏదో వినపడుతుంది. బండి ఆపుతారు. గుర్రం కదలదు. ఎక్కడో దూరాన, మంచు బరువుకి ఓ కొమ్మ విరిగిపడిన మోత. మళ్ళీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడిపించడానికి అక్కడ మనిషే లేడు కదా, మరి ఎందుకు ఏడ్చాను? రెండు రోజులుగా ఇదే ఆలోచన. ఎవరైనా దీన్ని నేరుగా చూశారా?

తెనాలి శ్రుతిపెట్టె · ఆదివారం, రాత్రి 11:15

అమ్మా, గోబెల్స్ అనగానే మా తరానికి 'గోబెల్స్ ప్రచారం' అన్న మాటే గుర్తొస్తుంది. హిట్లర్ ప్రచార మంత్రి, ఆ గోబెల్స్ తాలూకు వారా ఈయన?

రెండో సంగతి. నేను ముప్ఫై ఏళ్ళుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. నటుడు ఊపిరి తీసుకునే తీరును బట్టి తిత్తి వదలడం, బిగించడం నా పని. ఎదురుగా మనిషి లేకపోతే నేను ఎవరి ఊపిరి పట్టుకోవాలి? యంత్రాలు మోగితే దాన్ని నాటకం అనడం నాకు మింగుడు పడటం లేదు. మీ అనుభవాన్ని కాదనడం లేదు. నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

పాతపుస్తకం · ఆదివారం, రాత్రి 11:58

శ్రుతిపెట్టె గారూ, ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు. ఈయన 1952లో నోయ్‌ష్టాట్ అనే ఊళ్ళో పుట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సమాజశాస్త్రం, సంగీతం రెండూ చదివారు. హాన్స్ ఐస్లర్ మీద, అంటే జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్‌తో కలిసి పనిచేసిన స్వరకర్త మీద సిద్ధాంత వ్యాసం రాశారు. 1976లో స్నేహితులతో కలిసి ఓ బూరల బృందం పెట్టారు. దాని పేరు 'అతివాద వామపక్ష బూరల బృందం అనబడేది'. 'అనబడేది' అన్న మాట కూడా పేరులో భాగమే. ఊరేగింపుల్లో, ధర్నాల్లో వాయించేవాళ్ళు. కాబట్టి ఆయన సంగీతం మొదలైంది వీధిలో, జనం మధ్యే. తర్వాత 1982 నుంచి పదేళ్ళు 'కాసిబర్' అనే రాక్ బృందంలో వాయించారు.

నా దృష్టిలో ఆయన్ని మలిచింది తూర్పు జర్మనీ నాటకకర్త హైనర్ ముల్లర్ రచనలు. 1984లో ముల్లర్ రచన ఒకదాన్ని రేడియో నాటకం చేయడానికి ఆయన నటుల దగ్గరికి వెళ్ళలేదు. టేప్ రికార్డర్ పట్టుకుని బెర్లిన్ వీధుల్లో దారిన పోయేవాళ్ళ చేత చదివించారు. తడబడేవాళ్ళు, సగంలో ఆపేసేవాళ్ళు, ఇదేమిటని అడిగేవాళ్ళు. ఆ తడబాట్లన్నీ అలాగే ఉంచి సంగీతంగా కూర్చారు. మనిషి మాటలో అర్థం కన్నా ముందు వినపడేది ఆ మనిషి గొంతు గరుకుదనం. ఈయన ఆ గరుకు మీద పనిచేస్తారు. అందుకే యంత్రాల మనిషి అంటే ఒప్పుకోలేను.

మిక్సర్ బల్ల · సోమవారం, ఉదయం 7:20

విశాఖలో ఇరవయ్యేళ్ళుగా నాటకాలకీ కచేరీలకీ సౌండ్ చూస్తున్నాను. నాకు గోబెల్స్ మీద గౌరవం కలిగింది ఆయన రిహార్సల్ పద్ధతి తెలిశాక.

మన దగ్గర ఎలా ఉంటుంది? నెల రోజులు నటులు రిహార్సల్ చేస్తారు. ప్రదర్శన రోజు సాయంత్రం నాలుక్కి నన్ను పిలుస్తారు, లైట్లాయన ఐదుకి వస్తాడు. ఓ పోటీల్లో తెర లేవడానికి పది నిమిషాల ముందు మైకులు చేతికిచ్చారు. ఏ పోటీలో చెప్పను. మూడో రంగంలో కథానాయిక గొంతు అసలు వినపడలేదు. ఆ అమ్మాయి లోపలికొచ్చి ఏడ్చింది. తప్పు ఆ పిల్లది కాదు, నాదీ కాదు. అందరం కలిసి ఒక్క రోజు కూడా కూర్చోకపోవడం అసలు తప్పు.

గోబెల్స్ మొదటి రోజు నుంచే లైటు, సౌండు, సెట్టు, దుస్తులు అన్నీ రిహార్సల్లో ఉండాలంటారు. క్లౌస్ గ్రూన్‌బెర్గ్ వెలుగూ సెట్టూ చూస్తే, విల్లీ బోప్ శబ్దం చూస్తారు. వీళ్ళు చివర్లో వచ్చి రంగులద్దే మనుషులు కారు. నాటకం పుట్టేటప్పుడే పక్కనుంటారు. ఒక దీపం వెలగడం కూడా ఆయన లెక్కలో ఒక స్వరం. స్వరకర్తా దర్శకుడూ ఒకరే కావడంతో అది కుదిరింది.

వానచినుకు గారు చెప్పిన ఐదు పియానోలలో తంత్రుల్ని మీటే, కొట్టే చిన్న చిన్న యంత్రాలు బిగించి ఉంటాయి. కంప్యూటర్ ఆదేశం ఇస్తుంది కానీ మోగేది మాత్రం అసలు తంత్రే. రికార్డు చేసిన పియానో కాదు. పక్కనే తొట్ల నిండా నీళ్ళు, పైనుంచి వాన! చెమ్మ తగిలితే చెక్క ఉబ్బుతుంది, శ్రుతి జారుతుంది. ప్రతి ప్రదర్శనకీ ఆ వాద్యాల్ని కాపాడుకోవడం ఎంత పనో నా వృత్తిలోవాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళకి నా నమస్కారం.

వానచినుకు · సోమవారం, ఉదయం 9:05

మిక్సర్ బల్ల గారూ, మీరు చెప్పాక చివరి భాగం మళ్ళీ చూశాను. పియానోలున్న ఆ గుట్టంతా పట్టాల మీద నీళ్ళ మీదుగా ముందుకొస్తుంది, మన మీదికే వస్తున్నట్టు. అయిపోయాక ప్రేక్షకుల్ని దగ్గరికి రానిస్తారట. జనం తొట్ల చుట్టూ తిరిగి, వంగి, ఏది ఎలా మోగిందో చూసుకుంటారు. దాచిపెట్టడం లేదు. నీళ్ళల్లో పొగ బుడగలు అప్పటికీ పగులుతూనే ఉంటాయి.

పాతపుస్తకం · సోమవారం, మధ్యాహ్నం 1:30

అన్నీ మెచ్చుకోళ్ళే కాకుండా ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. 'ష్టిఫ్టర్స్ డింగె'లో పాత రికార్డింగుల గొంతులు వాడారు. వాటిలో ఒకటి 1905లో పాపువా న్యూగినీలో రుడాల్ఫ్ పోఖ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఫోనోగ్రాఫ్ అనే పాతకాలపు రికార్డింగు యంత్రం మీద పట్టిన మంత్రగానం. అది జర్మనీ, బ్రిటన్ ఆ దీవి తూర్పు సగాన్ని పంచుకున్న కాలం. ఆ యంత్రం బూర ముందు నిలబెట్టి పాడమంటే పాడినవాళ్ళు వాళ్ళు. తమ గొంతు వందేళ్ళ తర్వాత లోజాన్‌లో ఒక చీకటి హాల్లో వినిపిస్తుందని ఎవరు చెప్పారు వాళ్ళకి? ఎవరు అడిగారు?

అదే ప్రదర్శనలో ఫ్రెంచి మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్ట్రాస్ రేడియో ముఖాముఖి వినిపిస్తుంది. మనిషి అడుగు పడని చోటు భూమ్మీద ఇంకా మిగిలిందా అన్న మాట వస్తుంది. అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ గొంతు కూడా ఉంది. అంటే ఈ ప్రశ్న స్వరకర్తకి తెలియనిది కాదు, తెలిసే పక్కపక్కన పెట్టారు. అయినా నా ఇబ్బంది పోలేదు.

తెనాలి శ్రుతిపెట్టె · సోమవారం, మధ్యాహ్నం 2:10

ఈ మాట నాకు నచ్చింది. పాడినవాడి పేరు లేకుండా పాట ఒక్కటే ఊరేగడం మన దగ్గరా ఉన్నదే.

వానచినుకు · సోమవారం, మధ్యాహ్నం 2:48

పాతపుస్తకం గారూ, ఈ ఇబ్బంది నాకు చూస్తున్నప్పుడు తట్టలేదు, ఇప్పుడు మీరంటే తట్టింది. ఆ గొంతు వినిపించేటప్పుడు వేదిక మీద వేరే హడావిడి ఉండదు, దాన్ని వెనక నేపథ్య సంగీతంగా వాడలేదు. మన చెవి మొత్తం దానికే అప్పగించేలా చేశారు. అది గౌరవమే అనుకుంటాను. కానీ అడిగి తీసుకోవడం వేరు, గౌరవంగా వినిపించడం వేరు. మీరన్నది కాదనలేను.

నిర్వాహకులు · సోమవారం, సాయంత్రం 4:00

చర్చ బాగుంది, ఇక్కడే ఉంచుతున్నాం. పూర్తి వీడియోల లింకులు మాత్రం పెట్టొద్దు, హక్కుల సమస్య వస్తోంది.

రైన్ ఒడ్డు · సోమవారం, రాత్రి 11:40

నేను డ్యూసెల్‌డార్ఫ్‌ల ఉంట. మాది పాలమూరు దిక్కు. ఈ చర్చ చూసి పండుకోబుద్ధి కాలే.

గోబెల్స్ 2012 నుంచి 2014 దాంక ఇక్కడి రూర్ ట్రియెనాలె అనే కళల పండుగకి డైరెక్టర్‌గ చేసిండు. రూర్ అంటే బొగ్గు గనులు, ఉక్కు కార్ఖానాలున్న జాగ. కార్ఖానాలు మూతవడినంక ఆ పెద్ద పెద్ద షెడ్లల్ల ఆటలు వేస్తరు. 2013ల బోఖుమ్‌ల పాత కరెంటు షెడ్డు యార్‌హుండర్ట్‌హాలెల అమెరికా స్వరకర్త హ్యారీ పార్చ్ నాటకం వేయించిండు. పార్చ్ సంగతి తెలుసా మీకు? పియానోల పన్నెండు స్వరాలు సాలయని, ఒక్క స్థాయిని 43 మెట్లుగ పంచుకున్నడు. ఆ మెట్లకి తగిన వాద్యాలు దునియాల లేవు గనక, గాజు పాత్రలు, వెదురు, కట్టెలతోని తానే చేసుకున్నడు. ఆ వాద్యాలు అమెరికాల ఉన్నయి. ఇక్కడ ఆ ఆట ఆడనీకె కొలోన్ బృందం మ్యూజిక్‌ఫాబ్రిక్ వాళ్ళు అన్ని వాద్యాలు మళ్ళ కొత్తగ చేయించుకున్నరు. అందరు పాశ్చాత్య సంగీతం చదువుకున్నోళ్ళే, అయినా చిన్నపిల్లల లెక్క మొదటికెళ్ళి నేర్చుకున్నరు.

అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది. చాన రాయాలె, రేపు రాస్త.

తెనాలి శ్రుతిపెట్టె · మంగళవారం, ఉదయం 6:15

43 మెట్లు! మన వాళ్ళు 22 శ్రుతులంటారు. నా హార్మోనియంలో ఉన్నవి మాత్రం స్థాయికి పన్నెండే. కొన్ని రాగాల్లో గాంధారం దగ్గర నటుడు పాడేది ఒకటి, నా పెట్టె పలికేది ఒకటి. అలాంటి చోట నేను మెట్టు మీంచి వేలు తీసేస్తాను, నటుడి గొంతుకి వదిలేస్తాను. మా గురువుగారు నేర్పిన పని అది. బాబూ, మిగతాది తప్పకుండా రాయండి.

మిక్సర్ బల్ల · మంగళవారం, ఉదయం 8:02

శ్రుతిపెట్టె గారూ, మీరు వేలు తీసేస్తానన్నారు చూడండి, గోబెల్స్ పనంతా అదే అంటాను నేను. ఆయన రాసిన వ్యాసాల పుస్తకం పేరులోనే 'లేకపోవడం' ఉంది.

మీకు మొదట చూడటానికి 'ష్టిఫ్టర్స్ డింగె' కాకుండా 'ష్వార్ట్స్ ఔఫ్ వైస్' చెప్తాను. తెలుపు మీద నలుపు అని. 1996లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎన్‌సాంబుల్ మోడర్న్ బృందం కోసం చేశారు. ఇందులో మనుషులున్నారు, పద్దెనిమిది మంది వాద్యగాళ్ళు. నటులెవరూ లేరు, వాద్యగాళ్ళే లేచి తిరుగుతారు, బంతులు విసిరి డప్పు మీదా రేకు మీదా తగిలిస్తారు. తగిలితే మోగుతుంది, తప్పితే లేదు. ఒకాయన పొయ్యి మీద టీ కెటిల్ పెట్టి పక్కనే పిల్లనగ్రోవి పట్టుకుంటాడు. నీళ్ళు కాగి కెటిల్ ఈల వేస్తుంది. ఆ ఈలకి శ్రుతి కలిపి వాయిస్తాడు. కెటిల్ ఎవరి మాటా వినదు, దాని వేడిని బట్టి దాని ఈల. వాయించేవాడే దాని ఊపిరి పట్టుకోవాలి. మీ పనే కదండీ ఇది!

పాతపుస్తకం · మంగళవారం, ఉదయం 10:37

దాంట్లో హైనర్ ముల్లర్ గొంతు రికార్డు చేసినది వినిపిస్తుంది. అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో కథ చదువుతారాయన. చదివేవాడు ఇంకా బతికున్నవాళ్ళలో ఉన్నాడనీ, రాసినవాడు అప్పటికే నీడల లోకానికి వెళ్ళిపోయి ఉంటాడనీ మొదలవుతుంది ఆ కథ. ముల్లర్ 1995 డిసెంబరు 30న కన్నుమూశారు. మూడు నెలలు తిరక్కుండానే ప్రదర్శన. ఆ హాల్లో ఆ మాటలు విన్నవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. లేని మనిషి గొంతు, ఉన్నవాళ్ళ వాద్యాలు.

ఇంకోటి కూడా చెప్పాలి. 2004లో చేసిన 'ఎరారిట్‌యారిట్‌యాకా'. ఆస్ట్రేలియా ఆదివాసుల అరాండా భాషలో, పోయినదాని కోసం మనసు నిండా బెంగ అని ఆ మాటకి అర్థం. రచయిత ఎలియాస్ కనెట్టి రాసుకున్న నోటుపుస్తకాల్లోంచి మాటలు, ఒక తంత్రీ చతుష్టయం అంటే నలుగురు తంత్రీవాద్యగాళ్ళ బృందం, ఆంద్రే విల్మ్స్ అనే ఒక్క ఫ్రెంచి నటుడు. సగంలో ఆయన కోటు వేసుకుని థియేటర్ బయటికి వెళ్ళిపోతాడు. కెమెరా వెంట పడుతుంది. కారెక్కి, ఊరి వీధులు దాటి, ఓ ఇంట్లోకి వెళ్ళి, ఉల్లిపాయ తరిగి ఆమ్లెట్ వేసుకుంటాడు. ఇక్కడ వేదిక మీద నలుగురు ఫ్రెంచి స్వరకర్త రవేల్ సంగీతం వాయిస్తుంటే అక్కడ కత్తి ఆ లయకే పడుతుంది. ప్రేక్షకులు ఖాళీ వేదిక ముందు కూర్చుని, ఎక్కడో ఉన్న మనిషి వంటింటిని తెర మీద చూస్తుంటారు. ఆ ఇల్లు ఎక్కడుందో చివర్లో బయటపడుతుంది. చూడబోయేవాళ్ళ కోసం అది చెప్పను. విల్మ్స్ 2022లో పోయారు. నాకిష్టమైన నటుడు.

గోంగూర పచ్చడి · మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. ఆడవాళ్ళకి చోటు ఉన్నదేమైనా ఉందా వీటిల్లో?

పాతపుస్తకం · మంగళవారం, మధ్యాహ్నం 12:55

ఉందమ్మా. 'సాంగ్స్ ఆఫ్ వార్స్ ఐ హావ్ సీన్', 2007, లండన్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో ఉండిపోయిన అమెరికన్ రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్ రాసుకున్న మాటలు. రెండు బృందాలు వాయిస్తాయి. ఒకటి ఆధునిక వాద్యాలది, ఒకటి పాతకాలపు వాద్యాలది. వేదిక ముందుభాగం ఇంటి హాలులా దీపాలు పెట్టి ఉంటుంది, అక్కడ కూర్చునేది స్త్రీలు. వాయిస్తూ మధ్యలో ఆపి, పక్కింటావిడతో చెప్పినట్టు ఆ మాటలు చెప్తారు. యుద్ధమంటే ఫిరంగుల గురించి కాదు. చక్కెర దొరక్క తేనె తినడం గురించి, అలాంటివి. వాళ్ళెవరూ నటులు కారు. ఆ మామూలు గొంతే కావాలి ఆయనకి.

రైన్ ఒడ్డు · మంగళవారం, రాత్రి 10:05

నిన్న ఆపిన కాడికెళ్ళి చెప్త.

2014ల డ్యూయిస్‌బర్గ్‌ల 'డె మాటేరీ' వేసిన్రు. సంగీతం గోబెల్స్‌ది కాదు, డచ్ స్వరకర్త లూయీ ఆండ్రీస్సెన్‌ది. 1989ల ఆమ్‌స్టర్‌డామ్‌ల మొదలు వేసిన్రు దాన్ని. గోబెల్స్ డైరెక్షన్ చేసిండు. వేసిన జాగ ఒకప్పటి ఉక్కు కార్ఖానాల కరెంటు షెడ్డు. 1985ల మూతవడ్డది ఆ కార్ఖానా. షెడ్డు ఎంత పొడుగంటె, ఆ కొసన నిలవడ్డ మనిషి బొటనవేలంత కనిపిస్తడు.

నా దోస్తు టికెట్ ఉన్నదని గుంజకపోయిండు. నాకు అప్పటికి ఈ సంగీతం గురించి ఏం తెల్వదు. మొదటి మూడు భాగాలు కొంత అర్థమైంది, కొంత కాలే. నాలుగోది మొదలైంది. వాద్యాలన్ని కలిసి ఒక్క స్వరగుచ్ఛం కొడ్తయి, ఆగుతయి. మళ్ళొకటి, ఆగుతయి. చాన నింపాదిగ. చీకట్ల ఆ కొసన ఏదో తెల్లగ కదిలింది. మెల్లగ మెల్లగ ముంగటికి వచ్చింది. గొర్ల మంద! నూరు దాంక ఉన్నయి. వాటి మీద ఒక చిన్న జెప్పెలిన్, అంటే పొడుగు బెలూను లెక్కనుండే గాలి ఓడ, గాలిల తేలుకుంట, దీపమేసుకుంట పోతున్నది. మనిషి లేడు. కాపరి కానరాడు.

మా తాత గొర్లు కాసిండు. మా నాయిన పదో తరగతి దాంక కాసి, తర్వాత పట్నం వచ్చిండు. చిన్నప్పుడు ఎండకాలం సెలవులల్ల పోతే, గొర్ల మంద కృష్ణా నది దాటి మేతకు పోతుంటే తాత వెంట నడిచేటోణ్ణి. రాత్రి పొలంల మంద పండుకున్నంక ఒక సప్పుడుంటది. నెమరు వేసుడు, ఒక్కొక్కటి దగ్గుడు, పిల్ల అరిస్తే తల్లి జవాబిచ్చుడు. గా సప్పుడు నేను ఇరవయ్యేండ్ల కింద మరిచిపోయిన. ఆ షెడ్డుల, రెండు స్వరాల నడుమ వాద్యాలు ఆగినప్పుడు, అదే సప్పుడు. ఒక గొర్రె అరిచింది. ఇంకోటి జవాబిచ్చింది. వాసన గూడ వచ్చింది, తడిసిన ఉన్ని వాసన. పక్కనున్నోళ్ళు కొందరు నవ్విన్రు. నాకు గొంతు పట్టుకపోయింది.

గొర్లకు సంగీతం ఎరుక లేదు, ఎన్నడు అరవాల్నో ఎవ్వడు చెప్పలే. అయినా వాద్యాలోళ్ళు ఆ ఆగుడుల వాటికి జాగ ఇచ్చిన్రు. మా తాత వింటే బాగుండు అనుకున్న. ఫోన్ చేసి నాయినకు చెప్పిన. "ఏ జాతి గొర్లురా?" అని అడిగిండు. నాకు తెల్వదన్న. "కాళ్ళు నల్లగున్నయా?" అన్నడు. అర్ధగంట మాట్లాడినం, గొర్ల గురించే. నేను జర్మనీ వచ్చినంక నాయినతోని అంతసేపు మాట్లాడింది అదే మొదలు.

వానచినుకు · మంగళవారం, రాత్రి 10:50

అన్నా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేనెందుకు ఏడ్చానని ఆదివారం అడిగాను కదా. ష్టిఫ్టర్ మంచు అడవిలో బండి ఆగిన చోట నాకు గుర్తొచ్చింది మా అమ్మమ్మ ఇల్లు. అమావాస్య రాత్రి కరెంటు పోతే, కొబ్బరి మట్ట విరిగి పెరట్లో పడేది. అందరం ఒక్కసారి మాటలాపేవాళ్ళం. వేదిక మీద ఎవరైనా నటి కూర్చుని భయపడి ఉంటే నేను ఆవిణ్ణి చూసేదాన్ని. ఎవరూ లేరు కాబట్టి ఆ ఖాళీలోకి అమ్మమ్మ వచ్చింది.

మిక్సర్ బల్ల · బుధవారం, ఉదయం 7:45

రైన్ ఒడ్డు తమ్ముడూ, ఆ షెడ్డులో ప్రతిధ్వని ఎంతసేపు నిలిచేదో గుర్తుందా? అంత పొడుగు హాల్లో నింపాదిగా పడే స్వరాలే నప్పుతాయి, గబగబా వాయిస్తే ఒకదాని మీదొకటి పడి బురద అవుతుంది. స్థలాన్ని బట్టి రచనని ఎంచుకోవడం కూడా ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే.

రైన్ ఒడ్డు · బుధవారం, మధ్యాహ్నం 1:12

లెక్క వెట్టలే అన్నా. గొర్రె అరుపు మాత్రం గోడకు తాకి మళ్ళ వచ్చేటిది. గొర్లు గూడ తలెత్తి చూసినయి.

తెనాలి శ్రుతిపెట్టె · ఆదివారం, రాత్రి 9:30

వారం నుంచి మీరు రాసినవన్నీ రెండేసి సార్లు చదివాను. 'ష్వార్ట్స్ ఔఫ్ వైస్' మా అబ్బాయి పెట్టి చూపించాడు. కెటిల్ దగ్గర ఆపించి మూడుసార్లు విన్నాను. ఆ వాయించేవాడు కెటిల్ కన్నా ముందుకి పోలేదు, వెనకబడలేదు. మంచి హార్మనిస్టు అవుతాడు. బంతులు విసరడం మాత్రం నాకు ఇప్పటికీ పట్టలేదు, అది దాచను.

ఈ రోజు మాకు రిహార్సల్. హరిశ్చంద్రలో కాటిసీను. పద్యానికి ముందు నేను ఎప్పుడూ ఒక చిన్న ఆలాపన వాయిస్తాను, నటుడికి శ్రుతి అందడానికి. ఇవాళ ఆ ఆలాపన మానేశాను. మెట్ల మీద వేళ్ళు పెట్టలేదు. దీపాలు తీయించి, తిత్తి ఒక్కటే లాగి వదిలాను. పాత పెట్టె కదా, ఎక్కడో సందులోంచి గాలి పోతుంది. ఉస్సుమని చప్పుడు. మళ్ళీ లాగాను, మళ్ళీ ఉస్సు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చప్పుడు వినపడకూడదనే తోలు అతికిస్తూ వచ్చాను. శ్మశానంలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది. హరిశ్చంద్ర వేషం కుర్రాడు పద్యం ఎత్తుకోవాల్సిన చోట ఎత్తుకోలేదు, వింటూ నిలబడిపోయాడు. నేనూ అతన్ని తొందరపెట్టలేదు. తర్వాత తనే ఎత్తుకున్నాడు, శ్రుతి లేకుండానే. నేను మెల్లగా షడ్జం అందిస్తే సరిగ్గా దాని మీదే ఉన్నాడు.

పద్యం అయ్యాక దీపాలు వేయబోతుంటే, "మేష్టారూ, వేయించకండి, ఇంకొక్కసారి చేద్దాం" అన్నాడు.